రెండు చెంచాలు

ఫిబ్రవరిలో ఆర్లిన్ గుండెలో స్టెంట్ వేసి ఇంటికి పంపారు.
మార్చిలో మా ఫ్రిజ్ తలుపు అరలోకి
ఈ సీసా వచ్చింది.
మెడ చుట్టూ ఆకుపచ్చ కాగితం, దాని మీద లైట్ అన్న మాట.
"దేనికి లైటు?" అన్నాడు చేత్తో ఎగరేసి చూసి,
"బరువు అంతే ఉందిగా."

నలభై ఏళ్ళు కాన్సస్ గోధుమ లారీలను తూచినవాడు.
కాటా ముల్లు నిలిచేదాకా ఊపిరి వదలడు.
అలాంటివాణ్ణి కూర్చోబెట్టి
సీసా వెనకవైపు చదివించాను.
భూతద్దం నాది, గొంతు అతనిది.

రెండు పెద్ద చెంచాలకు నలభై కేలరీలు.
మనం ఇన్నాళ్ళూ పోసుకున్నదానికి నూట ముప్ఫై.
కొవ్వు మూడు గ్రాములు.
అక్కడ ఆగి నవ్వాడు, బేరంలో గెలిచినట్టు.
ఇంకా కిందికి చదువు, అన్నాను.
సోడియం మూడు వందల ఇరవై మిల్లీగ్రాములు.
చక్కెర నాలుగు గ్రాములు.
నవ్వు మధ్యలోనే ఆరిపోయింది.
"అంటే నూనె ఖాళీ చేసి వెళ్తూ
ఉప్పునీ చక్కెరనీ అద్దెకు దింపిపోయింది."
మరి నాలుకను ఎవరో ఒకరు ఊరుకోబెట్టాలి కదా.
మొదటి దినుసు నీళ్ళు. తర్వాత వెనిగర్.
చివర్లో నోరు తిరగని పేరుతో ఒక జిగురు,
నీళ్ళకి నూనె నడక నేర్పడం దాని ఉద్యోగం.

పురికొసతో సీసా మెడకి
కొలత చెంచా కట్టేశాను.
చెయ్యి వంచితే చాలు, అతనికి రెండు చెంచాలంటే ఆరు.

ఏప్రిల్ అంతా నేను దాన్ని పనిలో పెట్టాను.
రాత్రి కోడి తొడల్ని అందులో నానబెట్టి
పొద్దున ఉప్పు డబ్బా ముట్టుకోకుండా కాల్చాను.
ఉడికిన బంగాళాదుంపల మీద, వేడి తగ్గకముందే,
ఒక చెంచా. అవి తాగేస్తాయి.
సన్నగా తరిగిన క్యాబేజీలో, మిగిలిన బార్లీలో,
రొట్టెకి మయొనైజ్ రాసే చోట.
చర్చి భోజనాలకి పట్టుకెళ్ళిన గిన్నె
అడుగు కనిపించేదాకా ఖాళీ అయ్యింది.
వెల్డా ఉన్రూ వంటవిధానం అడిగింది.
సీసా సంగతి ఎత్తకుండా, "ఓపిక" అన్నాను.

ఒక మధ్యాహ్నం వెనక గుమ్మం దగ్గర చప్పుడు.
వెళ్ళి చూస్తే ఆర్లిన్ మోకాళ్ళ మీద కూర్చుని
దోమతెర తలుపు బందుకి
నా సీసాలోంచి చుక్కలు వేస్తున్నాడు.
తలుపు ఊపాడు. కిర్రు.
మళ్ళీ ఊపాడు. కిర్రు.
"చూశావా వెర్నా," అన్నాడు తృప్తిగా,
"ఇందులో ఏమీ లేదు."
వారం రోజులు మా గుమ్మానికి వెల్లుల్లి వాసన.

ఆసుపత్రిలో ఆహారం సంగతి చెప్పే అమ్మాయికి
ఈ కథ వినిపిస్తే పగలబడి నవ్వింది.
నవ్వాక చెప్పింది:
క్యారెట్‌లో, పాలకూరలో ఉన్న కొన్ని మంచి సరుకులు
కొవ్వు చెయ్యి పట్టుకుంటే గాని లోపలికి రావట.
సలాడ్‌లో నాలుగు పీకాన్ పప్పులో
ఉడికిన గుడ్డో పడితే తప్పులేదట.
"నాలుగా?" అన్నాడు.
నాలుగే.
తలుపుకి మాత్రం అసలు నూనె తెచ్చి పోశాడు,
పక్షపాతం లేకుండా, ధారాళంగా.

జూన్ కోతల వేళ
గ్యారేజీలో పాత ఫ్రిజ్ తెరిచాను,
చేపల ఎర డబ్బాల వెనక
పాత డ్రెస్సింగ్, చిక్కటిది, సగం సీసా.
ఏమీ అనలేదు.
పెన్సిల్‌తో కాగితం మీద మట్టానికి సన్నని గీత గీశాను.
ఆదివారం చూస్తే గీత దగ్గరే ఉంది.
బుధవారం కూడా.
శుక్రవారం ఎండకి తల తిరుగుతుంటే
ఆ చల్లటి తలుపు తెరిచి నిలబడి
వేలు ముంచాను. ఒకసారి. ఇంకోసారి.
తర్వాత చెంచా వెతికాను.

ఆ సాయంత్రం పాలకూర ముందు కూర్చుని
నాలుగు పప్పులు వరసగా పేర్చుకుంటూ
తూకం మనిషి తల ఎత్తకుండా అన్నాడు:
"గ్యారేజీలో ఎలుక దూరినట్టుంది వెర్నా.
రెండు చెంచాల ఎలుక."