అరవై లీటర్లు

గోపాలపురం సముద్రం మాకు పదహారు కిలోమీటర్లు.
అయినా ఉప్పు పొట్లం బెంగుళూరు నుంచి వచ్చింది.
"ఒడ్డు నీళ్ళు పనికిరావమ్మా, పడవల నూనుంటాది"
అన్నాడు దండాసి,
బరంపురం బడాబజారు సందులో, మంచం పట్టనంత కొట్టులో,
ఉప్పు కొలిచే గొట్టంలోకి ఒంటికన్ను చిట్లించి.

తొట్టి పెట్టి నెల దాటింది.
రాళ్ళు, ఇసుక, బుడగలు.
పక్కింటి పండా గారి పిల్ల వచ్చి
"మాఛొ కాహిఁ మావుసీ, చేపేదీ?" అని
రెండు భాషల్లోనూ అడిగి పోయింది.
నీళ్ళు పండాలట.
నాకిది కొత్తేం కాదు. మా ఇంట్లో రంగు కాగు కూడా
పట్టు వేసే ముందు ఒక పూట ఊరికే కూర్చుంటుంది.

మందాకినికి నీలం కావాలి.
రెండువందలకే వస్తుంది, వేలెడు డామ్సెల్,
అప్పుడే తడిపిన నీలిమందు ముద్దలా.
దండాసి అమ్మనన్నాడు.
"ఇది ముందు దిగిందా, తొట్టంతా తన పేర పట్టా రాయించుకుంటాది.
ఎనకాల వచ్చినోళ్ళకి తోకలుండవు."

పసుపు టాంగ్ అడిగాను.
"ఆరడుగులు తిరిగే జీవి. దీన్లో గోడకి తల కొట్టుకుంటాది."
సింహం చేప అడిగాను.
ఈసారి నన్ను కాదు, నా కూతుర్ని చూసి చెప్పాడు:
"పొద్దున్న లెక్కెట్టుకుంటే ఒకటే మిగులుతాదమ్మా."

నాకు తెలిసిన పనిలోకి దాన్ని మార్చుకున్నాను.
అంచుకి ఎరుపు, ఒంటికి పసుపు,
దేనికది పసందే.
ఒక్క తడుపుకి ఎరుపు పసుపులోకి దిగిపోతుంది,
కుంభం మొనలు కరిగి మసకబారతాయి.
నలభై రోజుల మగ్గం, ఒక్క బకెట్టు నీళ్ళు.
మా అత్త అందుకే ఏ రెండు చిలపలు కలపబోయినా
ముందు పోగు తుంచి, ఉమ్ముతో తడిపి,
తన తెల్లకోక కొంగుకే రుద్ది చూసేది.
ఆ కొంగు చచ్చేదాకా చారలు చారలు.

చివరికి తెచ్చుకున్నవి:
క్లౌన్ చేపలు రెండు, ఒకటి పెద్ద, ఒకటి చిన్న.
పెద్దదే ఆడదవుతుందట, చిన్నది సర్దుకుంటుందట.
("బాగుంది" అన్నాడు మా ఆయన, గుంటమగ్గంలోంచే.)
రాతి కింద ఒక గోబీ, దానికి తోడు రొయ్య.
రొయ్యకి చూపు ఆనదు. రోజంతా ఇసుక తవ్వి
గుమ్మంలో పోస్తుంది,
మీసం ఒకటి మాత్రం గోబీ తోక మీద ఉంచి.
తోక కదిలిందా, ఇద్దరూ లోపలికి.
కూలి లేదు, మాట లేదు.

మొన్న మేతకి వెళ్తే
కొట్లో దండాసి నాన్న కూర్చున్నాడు,
నలభై ఏళ్ళు తెప్ప మీద తిరిగిన మనిషి,
అరచేతుల్లో తాళ్ళ గీతలు.
గోబీ ధర విని దగ్గొచ్చేదాకా నవ్వాడు.
ఆ డబ్బుకి గంపెడు కవళ్ళొచ్చేవట.
నవ్వాగాక అద్దానికి ముక్కు ఆనించి అన్నాడు:
"వల్లో అన్నీ ఒక్కకాడే పడేవిరా.
ఎవులికెవులు పడతారో మేమెప్పుడూ అడగనేదు."
దండాసి బదులివ్వలేదు.
మేత పొట్లం కట్టి, ఐదు రూపాయల చిల్లర కోసం
సొరుగంతా వెతికాడు.

నీలం చేప ఇంకా అక్కడే ఉంది,
విడిగా, బిస్కెట్ల డబ్బా అంత పెట్టెలో,
అద్దంలో తన నీడనే తరుముతూ.
"దీనికెవరు సరిపడతారు తాతా?" అంది మందాకిని.
ముసలాయన లేచి, గోచీ బిగించుకుని,
మిఠాయి దుకాణాలకీ కరెంటు తీగలకీ అవతల
తూర్పు దిక్కు చూపించాడు.
"పెద్ద నీళ్ళు."

రాత్రి దీపం తీసే ముందు
ఇద్దరం వంగి లెక్కపెట్టాం.
మూడు.
రొయ్య మీసం కనబడ్డాక, నాలుగు.