పట్టూ విడుపూ

టైవీ నది మీద వంతెన దాటితే
ఎడమ చేతి వైపు మూడో గుమ్మం నాది.
బోర్డు మీది అక్షరాల్ని వాన తినేసింది.
గాలపు కర్రలు బాగుచేస్తానని
తెలిసినవాళ్ళకు తెలుసు.

మొన్న మంగళవారం ఎలినెడ్ వచ్చింది,
గుడ్డసంచిలో మూడు ముక్కల వెదురు.
"మేనత్తది. అటక మీద దొరికింది.
దీనికో రీలు పెట్టు ఇద్వల్, ఏదో ఒకటి."

ఏదో ఒకటి!
నలభై ఏళ్ళుగా నా తగువంతా ఈ మాటతోనే.
గంతకు తగ్గ బొంత అని ఊరికే అన్నారా?

ముక్కలు కలిపి, మళ్ళీ విడదీశాను.
ఇత్తడి కీలు సీసా బిరడాలా టప్పుమంది.
అంటే ఇంకా ప్రాణం ఉంది.
ఆరు పలకలు, జిగురు ఎక్కడా వదల్లేదు.
తొందర తెలియని కర్ర;
వెనక్కి విసిరితే
ఆవలింత పూర్తయ్యేదాకా ముందుకు రాదు.

ముందు కొత్త అల్యూమినియం రీలు బిగించాను.
పిడి కింద చూపుడువేలు ఆనిస్తే
కొస నేలకు వాలింది,
ఆఖరి పీరియడ్‌లో బడిపిల్లాడి తలలా.
తేలికైనదల్లా సుఖం కాదమ్మా అన్నాను.
తర్వాత సాల్మన్ల కోసం చేసిన ఇత్తడిది.
ఈసారి పిడే కూలబడింది.

దారం సంగతి ఇంకో పంచాయితీ.
ప్లాస్టిక్ పూత దారం లావు,
ఈ సన్నని రింగుల్లో గునుస్తుంది.
పట్టుదారమే కావాలి.
దానికి కొవ్వు రాయాలి,
వేట ముగిసిన ప్రతి రాత్రీ రీలు నుంచి విప్పి
కుర్చీ వీపుకు చుట్టి ఆరబెట్టాలి.
లేకపోతే లోలోపలే కుళ్ళి
సరిగ్గా మంచి చేప పడ్డ రోజే తెగుతుంది.
"ఇంత చాకిరీనా?" అంది.
"మీ అత్త చేసింది," అనబోయి ఆగాను.

అప్పుడే చూశాను కార్కు పిడి మీద గుంట.
బొటనవేలిది. ఎడమ చేతిది.

గ్వెన్‌లియన్!
సముద్రం నుంచి ఎదురెక్కే సూయిన్ల కోసం
నడుంలోతు చీకట్లో నిలబడేది,
లాంతరు వెలిగించనిచ్చేది కాదు.
దారం ఎన్ని గజాలు పోయిందో
రీలు కిటకిటలు లెక్కపెట్టి చెప్పేది.
నది పిక్కల్లోతుకు దిగిన ఏడు
బొగ్గు బాకీ కోసం రీలు నాకమ్మింది.
కర్ర మాత్రం అమ్మలేదు.
ఎందుకని నేనూ అడగలేదు.

"గురువారం రా," అన్నాను ఎలినెడ్‌తో.

రాత్రి దుకాణం మూశాక
నా సొంత కర్ర నుంచి ఆ రీలు ఊడదీసి
ఈ కర్రకు తొడిగాను. వేలి మీద పెట్టాను.
కదల్లేదు.
ఇటూ కాదు, అటూ కాదు,
గాలిలో అలా పడుకుంది.
దారం కొస పట్టి ఒక్కసారి లాగాను,
పక్కగదిలో కుక్క తలెత్తింది.

గురువారం బిల్లు రాశాను:
పట్టుదారానికి అరవై పౌన్లు, కొవ్వు డబ్బాకి నాలుగు.
బేరమాడింది. తగ్గించలేదు.
"మరి రీలుకి?"
"అది పాత లెక్క," అన్నాను.

నా కర్ర గోడకి ఆనుకుని ఉంది,
రీలు ఉండేచోట కార్కు పాలిపోయి.
దానిక్కూడా చూడాలి,
ఏదో ఒకటి.