అగ్గిపెట్టెల్లో వచ్చేవి

పొద్దున్న ఏడుకే కిటికీ గట్టు మీద వరస కడతాయి:
అగ్గిపెట్టెలు, టానిక్కు సీసా మూతలు,
ఆముదపాకులో ముడిచిన పొట్లం ఒకటి.
ఎవరూ నా కళ్ళలోకి చూడరు.
లోపలి సంగతి పరాయి చేతికిచ్చేటప్పుడు
మనిషి చూపు నేల మీదే ఉంటుంది.

ఒక చుక్క ఉప్పునీళ్ళు, ఒక చుక్క అయోడిన్,
వాళ్ళ అగ్గిపుల్లతోనే కలిపి గాజుపలక మీద పరుస్తాను.
కరెంటు లేని పూట
మైక్రోస్కోపు కింది అద్దాన్ని తానా సరస్సు వైపు తిప్పుతాను.
పడవల మీది ఎండ కాస్త
పేగుల్లోకి దిగుతుంది.

ఏలికపాము గుడ్డు గరుకు, వేయించిన కాఫీ గింజ రంగు.
కొరడాపురుగుది రెండు కొసలా బిరడా బిగించిన పీపా.
కొంకిపురుగుది ఉత్త గాజు. లోపల నాలుగు గదులు,
ఇంకా ఎవరూ అద్దెకు దిగని ఇల్లు.
అందంగా ఉంటాయి.
ఈ మాట పైకి అనకూడదని
పదకొండేళ్ళుగా తెలుసు నాకు.

మూడో వార్డు, ఎనిమిదో మంచం, యెషిహరెగ్.
కాలు విరిగి చేరింది.
ఎక్స్‌రేలో ఎముక తెలుపు,
కింది రెప్ప లాగి చూస్తే అక్కడ ఇంకా తెలుపు.
తమ్ముడు రక్తమిచ్చాడు.
అక్కకే ఇచ్చాననుకున్నాడు పాపం,
పేగుని కరుచుకున్న గోరంత పురుగులు
తమ వాటా ముందే తీసుకున్నాయి.
టెఫ్ చేలో చెప్పుల్లేని పాదాల సందుల్లోంచి
ఏ వానాకాలమో ఎక్కి,
గుండె, ఊపిరి, గొంతు, మనిషంతా తిరిగి చూసి
చివరికి కడుపులో కాపురం పెట్టినవి.

"ఒక్క మాత్ర చాలు" అంది నర్సు.
యెషిహరెగ్ దాన్ని అరచేతిలో దొర్లించింది.
"ఇవి పోతాయి సరే,
నేను మళ్ళీ ఆ చేనికేగా పోయేది?"
నర్సు నా వైపు చూసింది.
నేను రిజిస్టర్లో గీత సరిగ్గా కొట్టుకున్నాను.

ముసలి మెంగెషాకి మాత్రలంటేనే నవ్వు.
రెండు నెలలకోసారి కోసో పూలు నూరి తాగేవాడట.
పచ్చిమాంసం లేకపోతే అదేం పండగ అంటాడు,
బద్దెపురుగు లేనివాడు అసలు మగాడేనా అంటాడు.
అతని స్లయిడు చూసి నేనూ ఒప్పుకున్నాను.
మగాడే.

బిరుక్, ఆరేళ్ళు.
న్యుమోనియాతో వచ్చినప్పుడు
"ఏమీ లేవు" అని రాసింది నేనే.
పదమూడో రోజు నీళ్ళలా విరేచనాలు.
అదే కటకం, అదే కన్ను.
రెండు గుండ్రటి కళ్ళతో జియార్డియా
నాకేసి చూసింది, పిలిస్తేనే వచ్చిన చుట్టంలా.
ఇంటి నుంచి తేలేదు వాడు.
మేమే ఇచ్చాం.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.
తెలిసే, ఆ రాత్రి
నేనూ ఒక అగ్గిపెట్టె ఖాళీ చేశాను,
పుల్లలు జేబులో పోసుకుని.
చీటీ మీద నాయనమ్మ పేరు రాశాను, జెనెబెచ్.
వాన కురిసిందని అర్థం.

పట్టు దీపం కింద ఎంతోసేపు వెతకనక్కర్లేదు.
అవే కళ్ళు.
వాడి గ్లాసు, నా ఫ్లాస్కు, వార్డు మూలనున్న డ్రమ్ము,
అన్నీ ఒకే గొట్టం పాలు తాగిన పిల్లలు.

జెనెబెచ్, పాజిటివ్.
"ఊరు" అన్న గడి దగ్గర కలం ఆగింది.
కాసేపటికి, "ఈ ఆసుపత్రి" అని రాశాను.

తెల్లారి హెడ్‌నర్సు వుబాలెమ్ కాగితం పట్టుకొచ్చింది.
"ఎవరీ జెనెబెచ్? ఏ మంచం?"
"మంచం లేదు" అన్నాను. "నిలబడే ఉంది."

ఆమె నన్ను చూసింది, కుళాయిని చూసింది.
జెబెనాలో మరుగుతున్న కాఫీ
మూడు కప్పుల్లోకి వంచేసి,
దాన్ని కడిగి, ఉత్త నీళ్ళు నింపి
మళ్ళీ బొగ్గుల మీద పెట్టింది.
పిల్లల వార్డుకి ఎన్ని జెబెనాలు కావాలో
వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.