సెకనుకి రెండు సెంటీమీటర్లు

బాహుదా మొగ దాటాక సోనాపురం ఇసకలో
తుఫాను షెల్టరు కట్టబోయే చోట
లారీని నాలుగు జాకీల మీద ఎత్తాం.
ఇరవై టన్నుల బరువంతా
గుప్పిట్లో ఇమిడే ఉక్కు మొన వెనక నిలబడింది.

సెకనుకి రెండు సెంటీమీటర్లు.
ఇసక మొండిది. తెర మీద గీత కుడికి కుడికి జరిగింది,
పన్నెండు, పదిహేను, పద్దెనిమిది మెగాపాస్కల్లు.
"భలో మాటి" అన్నాడు ఇంజనీరు మహాపాత్రో
టీ గ్లాసు కింద పెట్టకుండానే.
ఆయన డ్రాయింగులో పైలు ఎనిమిదో మీటరు దగ్గర ఆగిపోతుంది.

తొమ్మిదో మీటరులో గీత కూలింది.
ఎడమ అంచుకి, ఒక్కసారిగా,
చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు.
నీటి ఒత్తిడి మాత్రం పైకి లేచింది.

రాడ్డు ఆపాం.
బురద బిగపట్టిన ఊపిరి
ఎంతసేపటికి వదులుతుందో చూడాలి.
నలభై నిమిషాలు.

ఎండుచేపలు తిరగేస్తున్న గరికిన యర్రాయమ్మ
లారీ నీడకొచ్చి చతికిలబడింది.
"ఏటంతాది బాబూ కింద?"
"బంకమట్టి మామ్మా. రెండున్నర మీటర్లు."
"మొన్నటి గాలికి ఆ బడిగోడ ఓరకి ఒరిగిపోనాది.
లోపల మేం ఉన్నాం."
అంతే అంది.
మహాపాత్రో ఎనిమిదిని కొట్టేశాడు,
పక్కన ఇంకా ఏమీ రాయలేదు.

మట్టిని పైకి తెచ్చే పరికరం కాదిది.
అయినా సాయంత్రం మొన తుడుస్తుంటే
స్లీవు సందులో గోరంత బూడిదరంగు మెత్తన.
యర్రాయమ్మ వేలికి రాసుకుని వాసన చూసింది.
"నీసు లేదు. సముద్రానిది కాదిది, ఏటిది."

రిపోర్టులో వెతికాను.
దానికి గడి లేదు.