మూడు వేళ్ల ఎత్తు

తుగ్గలి దావలో, వంక దిగేచోట, ఒక రాయి ఉంది.
ఆరేళ్లు నా జీపు కడుపును గీరి గీరి పంపింది.
ఆ గరగర వినబడంగానే
నా ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి పోయేది,
నైట్రోజన్ క్యాను మీదికి.
అందులో నలభై ఒంగోలు గిత్తలు
గడ్డిపోసంత గొట్టాల్లో గడ్డకట్టి నిద్రపోతుంటాయి.
ఏ పల్లెలో ఏ ఆవు ఎదకొచ్చినా
నేనే వాటిని లేపాల.

ఈసారి తొలకరికి రాయి గీరలేదు,
పట్టుకుంది.
ఆయిల్ చాంబరు పగిలి
ఎర్రమట్టి మీద నల్లగా, నిదానంగా పారింది ఇంజనాయిలు.
చేలల్లో వజ్రాలు ఏరుకునే గుంపు
ఒక్కసారి తలెత్తి చూసి
మళ్లీ నేలలోకే వంగింది.

పత్తికొండలో నబీరసూలు బండికిందికి దూరి
కాళ్లతోనే మాట్లాడినాడు చానాసేపు.
"కమాన్లు సాగిపోయినాయి సార్.
ముసలి ఎద్దు నడుం మాదిరి.
లేపాల."

లేపడమంటే ఎంత?
మా బామ్మర్ది ఫోనులో బొమ్మ చూపించినాడు:
బెంగళూరు కిట్టు, పసుప్పచ్చ షాకబ్జర్లు,
నాలుగంగుళాలు, ఎనభై రెండు వేలు.
కొండకొమ్మున నిక్కి నిలబడిన బండి,
కూతకు సిద్ధమైన పుంజు.
నబీరసూలు చేతులు తుడుచుకుంటా చూసినాడు.
"అంత లేపితే ప్రొపెల్లరు షాఫ్టు మోచెయ్యి ఇరుగుతది,
బ్రేకు పైపు చాలదు, స్టీరింగు ఒకపక్కకు గుంజుతది.
ఒకటి లేపితే పది లేపాల సార్.
ఆదివారం ఆటకైతే సరే. నీది దినామూ తిరిగే బండి."

మరి ఇనుప దిమ్మెలో?
రెండువేల ఎనిమిది వందలకే వస్తాయంట కదా.
"ఇటికెల మీద మంచం పెట్టినట్ల.
మంచం ఊరికే పండుకోనుంటది,
బండి పరిగెత్తాల."

అప్పుడొచ్చింది సుంకులమ్మ, నా భార్య,
మధ్యాన్నం క్యారేజీ పట్టుకుని.
అంతా విని, చెప్పు విడిచి,
షెడ్డు గోడకు పాదం ఆనించి,
కుచ్చిళ్లు కొంచెం ఎత్తిపట్టి,
సుద్దముక్కతో గీత గీసింది.
"నా కాలు ఇంతదాకే లేస్తది.
పొద్దున్నే పాపను ఎక్కించాల, దాణా మూట ఎక్కించాల.
దీనికి పైన మీరెంత లేపినా
ఆ బండి నాది కాదు."

నబీరసూలు టేపు తీసి నేలనుంచి గీతకు కొలిచినాడు.
ఫుట్‌బోర్డు కాడికి పోయి మళ్లీ కొలిచినాడు.
తర్వాత టేపు పక్కన పడేసి
మూడు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించినాడు.
నేను ఒప్పుకున్నా. నన్నెవరూ అడగలేదు.

కమాన్లు ఆదోనిలో వీరాచారి దగ్గరికి పోయినాయి.
ఆయన నిప్పు పెట్టడు.
కాలిస్తే ఉక్కుకు మతిమరుపు వస్తదంట.
సల్లగానే, దెబ్బపక్కన దెబ్బ,
జానెడు జానెడు జరుపుతా
పోయిన వంపును మళ్లీ గుర్తుచేసినాడు.
కట్టలోకి ఒక పట్టీ కొత్తది చేరింది.
యూ బోల్టులు కొత్తవి, షాకబ్జర్లు కొత్తవి.
"ఈడ మాత్రం పిసినారితనం వద్దు సార్."
అంతా కలిపి పదమూడు వేల నాలుగు వందలు.

మొదటి వారం బండి గట్టిగా ఉండింది,
అలిగిన మనిషి మాదిరి.
ప్రతి గుంతా నా వెన్నుపూసను పేరుపెట్టి పిలిచింది.
పదోరోజుకు మెత్తబడింది.
సుంకులమ్మ ఎక్కింది, కూర్చుంది,
ఏమీ అనలేదు. అంటే సరిపోయిందని.

నిన్న వంక దాటినా.
చెయ్యి వెనక్కి పోయింది, క్యాను మీద ఆగింది,
గరగర రాలేదు.
బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసినా.
రాయి ఆడనే ఉంది.
నెత్తిన ఆరేళ్ల గీతలు, తుప్పు రంగులో.
ఎందుకో వంగి ఒకసారి తడిమినా.
ఎండకు కాలుతోంది.

నబీరసూలుకు ఇంకా పంతొమ్మిది వందలు బాకీ.
వాళ్ల బర్రె ఎదకొచ్చినప్పుడు
లెక్క చూసుకుందామన్నాడు.