సలైనా పటానికి వయసు పోయడం

కొత్త కాగితానికి నూరేళ్ళ వయసు పోయాలంటే
మూడు చెంచాల టీపొడి, ఒక చెంచా కాఫీ,
చల్లారిన డికాషన్, ఒక వెడల్పాటి పళ్ళెం.
అంచులు కాల్చమని అందరూ అంటారు. నేను కాల్చను.
కాలిన కాగితం ముసలిదవదు,
కాలినదవుతుంది, అంతే.

పగలు కౌంటీ ఆఫీసులో
ఉపగ్రహం పంపిన ఊరిని తెర మీద సరిచేస్తాను,
మురుగు గొట్టాల లోతులు, మ్యాన్‌హోళ్ళ నంబర్లు.
రాత్రి వంటింటి బల్ల మీద
అదే ఊరు పాళీ కిందకి వచ్చి
గోధుమరంగు కట్టుకుంటుంది.

వీధులు సులువు.
ఎవరో గొలుసు పట్టుకు నడిచి
గడ్డిని గళ్ళుగళ్ళుగా కోసిపెట్టి పోయారు.
యాష్, వాల్‌నట్, మల్బరీ:
చెట్టు లేని మైదానంలో ముందు చెట్ల పేర్లు నాటారు,
నీడ తరవాత మొలిచింది.

పాత పటమంటే సముద్రం ఉండాలి, అందులో ఒక రాకాసి చేప.
కాన్సాస్‌లో సముద్రం ఎక్కణ్ణించి తేను?
నూటపది పెట్టెల గోధుమ గూడ్సుకి పొలుసులు వేసి
తోకని పడమటి పొలాల్లో ముంచాను.
మూలకొకడుగా బుగ్గలు పూరించి ఊదే గాలిదేవుళ్ళు
మామూలుగా నలుగురు.
నేను ఒక్కణ్ణే వేశాను, దక్షిణాన. చాలు.
ఈ ఊళ్ళో గొడుగు కొన్నవాళ్ళు
రెండో గొడుగు కొనరు.

ఊరంతా పైనుంచి చూసినట్టు,
కాంక్రీటు గాదెలు మాత్రం ఎదురుగా నిలబడినట్టు గీశాను.
పాత పటాల్లో ఆ తప్పు చెల్లుతుంది.

చెల్లని తప్పు వెర్నా లిండ్‌గ్రెన్ పట్టుకుంది.
పక్కింటి మనిషి. ఎనభై నాలుగేళ్ళు.
దస్తావేజుల ఆఫీసులో టైపు కొట్టీ కొట్టీ
చూపుడువేలు కాస్త వంకరపోయింది.
ఒక చేతిలో రొట్టె, ఒక చేతిలో భూతద్దం.
“నది తప్పు” అంది.

నేను గీసింది ఇప్పటి నదే.
యాభై ఒకటి వరద తరవాత
ఊళ్ళోకి రాకుండా తవ్విన తిన్నని కాలువ, దానికి గట్లు.
నది పాత పడక మాత్రం ఊరి నడుమ
మెలికలు మెలికలుగా పడి ఉంది,
తూములోంచి వచ్చే కాసిని నీళ్ళతో, పాచితో.

“పాత పటం అంటున్నావు. పాతదైతే
స్మోకీ హిల్ ఇలా పోవాలి” అని వేలితో గీసింది.
వేలికి మల్బరీ జామ్ ఉంది.

అప్పుడు ఆమెకి పదేళ్ళట.
వాళ్ళ నాన్నది మంగలి షాపు.
నీళ్ళు దిగాక అద్దం మీద అడ్డంగా ఒక మట్టిగీత.
ఆయన దాన్ని తుడవలేదు.
ఎవరు కుర్చీలో కూర్చుని తలెత్తినా
సరిగ్గా గడ్డం దాకా వరద.

ఆ రాత్రి పాత మెలికలన్నీ గీశాను.
నది ఆవలి వైపుకి వచ్చి ఆగాను.
ఆనాటి పటాలవాళ్ళు అక్కడ ఏమీ వేయలేదు.
అడవిదున్నల వెంట కా జాతివాళ్ళు తిరిగిన నేలని
తెల్లగా వదిలేశారు.
శైలి అరువు తెచ్చుకుంటే
అబద్ధం వడ్డీగా వస్తుంది.
అక్షరాలేవీ రాయలేదు. ఏ పేరు రాయాలో నాకు తెలియదు.
గడ్డి వేస్తూ కూర్చున్నాను, పరకకి పరక,
పాళీ విరిగేదాకా.

మర్నాడు ఆఫీసులో తెర మీద చూస్తే
ఊరి వానకాలువలు చాలామటుకు
ఇంకా ఆ పాత పడకకే పోతున్నాయి.
నీళ్ళకి కొత్త పటం ఎవరూ చూపించినట్టు లేదు.

కింద సంవత్సరం వేసే చోటు ఖాళీగానే ఉంది.
వెర్నా మళ్ళీ వచ్చి భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.
“ఈ జామ్ మరక అచ్చులో కూడా పడుతుందా?”
పడుతుందన్నాను.
“అయితే నాకు రెండివ్వు.”