బూడిద రంగు వాక్యాలు

క్లాక్స్‌విక్ రేవులో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
మార్యున్ పడవల వేళల ప్రోగ్రామ్ తెరిచింది.
ముప్పై ఏళ్ల కోడు,
పది చేతులు ఉప్పేసిన పులుసు.

నల్లటి తెర మీద ఎడిటర్ మాత్రం మర్యాద తప్పదు:
ఆజ్ఞలకి ఊదా,
అంకెలకి ఎరుపు,
కొటేషన్ల మధ్య మాటలకి నాచు పచ్చ.

ఎక్కడో ఒక కొటేషన్ మూయడం మరిచింది.
అంతే,
అక్కణ్ణించి అడుగు దాకా పచ్చ.
ఆజ్ఞలు, అంకెలు, ఆదివారపు పడవలు, తుఫాను సెలవులు
అన్నీ నోరు మూయనివాడి ఒకే మాటలో మునిగిపోయాయి.
చిన్న గీత పెట్టింది.
ఎవరి రంగులోకి వాళ్లు సర్దుకున్నారు.

అసలు చిక్కు అది కాదు.
జనవరి శుక్రవారాల్లో కాల్సోయ్ పడవ
పదకొండు నిమిషాలు ఆలస్యంగా కదులుతోంది.
కోడులో పదకొండు ఉంది, ఎర్రగా, నిక్షేపంలా.
ఎందుకుందో మూడు రోజులుగా అంతుపట్టదు.

పక్క బల్ల బ్రాండుర్‌కి ఎరుపూ పచ్చా ఒకటే.
రంగులన్నీ ఎప్పుడో పీకేశాడు,
ఆజ్ఞలు లావుగా, మిగతాదంతా మామూలుగా.
టీ కప్పుతో వచ్చి వంగి చూశాడు:
"దాని పైన రాసింది చదివావా?"
"పైన ఏముంది?"

పైన బూడిద రంగుంది.
కామెంట్లని యంత్రం పట్టించుకోదు,
ఆ రంగు చూసి చూసి
ఆమె కన్నూ పట్టించుకోవడం మానేసింది.

సెట్టింగుల్లోకి వెళ్లి
బూడిదని దీపపు పసుపు చేసింది.
ఫైలు రంగు అప్పుడు బయటపడింది:
సగం కోడు, సగం హానుస్.
రిటైరై గొర్రెలు కాసుకుంటున్న హానుస్.
"ఈ సంఖ్య ముట్టుకోకు, నాకూ తెలీదు."
"ఇక్కడ నిద్రపోయాను, క్షమించు."
పదకొండు నెత్తిమీద:
"శుక్రవారం పియానో క్లాసు ఆలస్యంగా వదులుతారు.
ఒక్కతే పిల్ల. మంచులో పరిగెత్తుకొస్తుంది.
ఆగండి."

ఆ పిల్లకిప్పుడు ముప్పై దాటుంటాయి.
ఇన్ని జనవరులు
ఖాళీ గట్టు వైపు చూస్తూ
ఎందుకాగుతున్నారో తెలీక ఆగారు పడవవాళ్లు.

"ఏం చేస్తావ్?" అన్నాడు బ్రాండుర్.
టీ చల్లారిపోయింది.

పదకొండుని తీసేసింది.
వాక్యాన్ని ఉంచింది,
కింద దేనికీ చెందకుండా
పసుపుగా.